చిన్న వెండింగ్ మెషిన్ వ్యాపారం: ఎలా మొదలుపెట్టాలి, ఏ మెషిన్ కొనాలి

వెండింగ్ మెషిన్ (డబ్బు కడితే చిప్స్, డ్రింకుల్లాంటివి దానంతటదే ఇచ్చే మెషిన్) పెడదామనుకునే వాళ్లలో చాలామంది ముందు యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూస్తారు. హోల్‌సేల్‌లో అర డాలరుకు కొన్న చిప్స్ ప్యాకెట్టు మెషిన్‌లో డాలరున్నరకు పోతుంటుంది, చూడ్డానికి బాగుంటుంది. అక్కడ ప్యాకెట్టు మీద ఎంఆర్‌పీ అనేదే ఉండదు కాబట్టి కుదురుతుంది. మన దగ్గర 20 రూపాయలని అచ్చువేసిన ప్యాకెట్టును 21కి అమ్మినా లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల శాఖ) వాళ్లు కేసు రాయొచ్చు. హోటళ్లు, రెస్టారెంట్లు వాటర్ బాటిల్‌ను ఎంఆర్‌పీ కంటే ఎక్కువకు అమ్ముకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే కానీ, అది కూర్చోబెట్టి వడ్డించే చోట్ల గురించి. గోడ పక్కన నిలబెట్టిన మెషిన్‌కు కూడా అదే వర్తిస్తుందని ఏ సేల్స్‌మన్ అయినా చెబితే నమ్మకండి.

కాబట్టి మెషిన్ ఖరీదు, చోటు అద్దె, కరెంటు, పెట్రోలు, పాడైపోయిన సరుకు, మీ కష్టం, ఇవన్నీ డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే మార్జిన్‌లోంచే రావాలి. ఇది బుర్రలో పెట్టుకుని చూస్తే ఏ మెషిన్ కొనాలన్న ప్రశ్నకు జవాబు సగం దానంతటదే దొరుకుతుంది.

ముందు కాగితం మీద లెక్క

పేరున్న కంపెనీల చిప్స్, బిస్కెట్ల మీద చిల్లర వ్యాపారికి మిగిలేది పది శాతం అటూ ఇటూ. కూల్‌డ్రింకుల మీద కాస్త ఎక్కువ. లోకల్ బ్రాండ్ వాటర్ బాటిళ్లు కేసుల లెక్కన తెస్తే సగం దాకా మిగులుతుంది. ఊళ్లో ప్యాక్ చేసే చెగోడీలు, జంతికలు, పల్లీ చిక్కీల మీద బేరాన్ని బట్టి పాతిక, ముప్పై శాతం వస్తుంది.

ఉదాహరణకు మెషిన్ రెండు లక్షలు, రోజుకు 60 వస్తువులు, సగటున ఒక్కోటి 25 రూపాయలు అనుకుందాం. నెలకు 45,000 అమ్మకం. అంతా పేరున్న బ్రాండ్లే నింపి, అక్కడక్కడా నీళ్లు పెట్టి, సగటు మార్జిన్ 18 శాతం తెచ్చుకున్నారనుకోండి, చేతికి 8,100. అందులో చోటు ఇచ్చినవాళ్లకు అమ్మకం మీద 5 శాతం అంటే 2,250, కరెంటు రోజుకు ఆరు యూనిట్లు పది రూపాయల లెక్కన 1,800, మెషిన్‌ను నెట్‌కు కలిపే సిమ్‌కు, సాఫ్ట్‌వేర్‌కు 700, పెట్రోలు 800, ఎక్స్‌పైరీ అయినవీ ఎలుకలు కొట్టినవీ 900. మిగిలింది 1,650. ఈ లెక్కన మెషిన్ డబ్బులు తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది, అప్పటికి మెషిన్ ఉండదు.

ఇప్పుడు అదే 60 వస్తువుల్లో లోకల్ స్నాక్స్, నీళ్లు పెంచి సగటు మార్జిన్ 28 శాతానికి తెచ్చారనుకుందాం. 12,600 వస్తుంది, ఖర్చులు అవే, మిగిలేది 6,150. అంటే మెషిన్ ఖరీదు రెండేళ్ల ఎనిమిది నెలల్లో తేరుతుంది. అదే మార్జిన్ మీద రోజుకు 100 వస్తువులు పోయే చోటైతే, పెరిగే ఖర్చులన్నీ తీసేసినా నెలకు పదకొండు వేల పైచిలుకు మిగిలి ఏడాదిన్నరలోపు బయటపడతారు. ఈ అంకెలు మీ చోటికి మార్చుకుని మీరే వేసుకోండి, అమ్మేవాడు వేసిచ్చిన ఎక్సెల్ షీట్ మాత్రం పక్కన పెట్టేయండి. అందులో మార్జిన్ ఎప్పుడూ 40 శాతమే ఉంటుంది.

చోటు ఖాయమయ్యాకే మెషిన్

బయటికి పోలేని మనుషులు ఎక్కడ ఉంటారో వెతకండి. జనం ఎక్కువ ఉండటం ఒక్కటే చాలదు. రాత్రిళ్లు ఆస్పత్రుల్లో కాపలా ఉండే అటెండెంట్లు, పదింటికి గేటు మూసేసే హాస్టళ్లు, ఊరవతల పొలాల మధ్య ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు, మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీలు (జీడిమెట్ల, పటాన్‌చెరు, అచ్యుతాపురం, శ్రీసిటీ లాంటివి). రాత్రి రెండింటికి నైట్‌షిఫ్టు మనిషికి ఆకలేస్తే దగ్గర్లో ఏ కొట్టూ తెరిచి ఉండదు, మెషిన్ దగ్గరికే వస్తాడు.

మాదాపూర్‌లో ఐటీ ఆఫీసు దొరికితే చాలు, ఇక పండగే అనుకుంటారు చాలామంది. చాలా ఆఫీసుల్లో టీ, కాఫీ, బిస్కెట్లు ఫ్రీ. సోమ, శుక్రవారాల్లో సగం సీట్లు ఖాళీ. కింద పాన్‌షాపు ఉంటుంది, అక్కడికి వెళ్లడం వాళ్లకు కాస్త గాలి మార్పు కూడా. పైగా ఇప్పుడు చిప్స్, డ్రింకుల్లాంటివి నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు ఉన్నాయి. అన్నీ చెడ్డ చోట్లని కాదు, కానీ హెచ్‌ఆర్ చెప్పే హెడ్‌కౌంట్ కంటే గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చెప్పే మాటకు విలువ ఎక్కువ. రాత్రి పదకొండు తర్వాత లోపల ఎంతమంది ఉంటారు, టీకి ఎంతమంది బయటికెళ్తారు, ఎంత దూరం వెళ్తారు, ఈ మూడూ ఆయన్నే అడగండి. ఒకరోజు పగలు, ఒకరోజు రాత్రి అక్కడే కూర్చుని మీ కళ్లతో చూడండి.

ఆస్పత్రులు, కాలేజీల్లో క్యాంటీన్ కాంట్రాక్టరుకు ఏం రాసిచ్చారో ముందే అడగాలి. లోపల తినుబండారాలు అమ్మే హక్కు ఆయన ఒక్కడికే రాసిచ్చి ఉంటే, మేనేజ్‌మెంట్ సరే అన్నా మీ మెషిన్ నెల తిరక్కుండా బయటికొస్తుంది. ఒక్కోసారి ఆ కాంట్రాక్టరునే కలుపుకుని, రాత్రిపూట క్యాంటీన్ మూసే టైముకు మెషిన్ పెడదామని, అమ్మకంలో ఇంత అని మాట్లాడుకుంటే పని తేలిగ్గా అవుతుంది.

అద్దె విషయానికొస్తే, మొదటి మెషిన్‌కు ఫిక్స్‌డ్ అద్దె ఒప్పుకోకండి. అమ్మకం మీద శాతం అడగండి. అగ్రిమెంటు మామూలుగా అందరూ రాసుకునే 11 నెలలదే చాలు, కానీ అందులో కొన్ని సంగతులు స్పష్టంగా ఉండాలి: కరెంటు ఎవరిది, సబ్‌మీటర్ పెడతారా, రాత్రిపూట సరుకు నింపడానికి లోపలికి రానిస్తారా, ఇంకొకరి మెషిన్ పెట్టరా, తీసేయమంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అద్దం పగిలితే ఎవరు కట్టాలి. మెషిన్ మీదేనని, దాని సీరియల్ నంబరుతో సహా రాయించండి. ఆ బిల్డింగ్ ఓనరుకూ కిరాయిదారుకూ గొడవొచ్చి తాళం వేస్తే, మీ మెషిన్ బయటికి తెచ్చుకోవడానికి పనికొచ్చే కాగితం అదొక్కటే.

ఏ మెషిన్

అన్నిటికంటే చవక, చల్లదనం లేని స్ప్రింగ్ మెషిన్. ట్రేల మీద చుట్టలు చుట్టిన స్ప్రింగులుంటాయి, మోటారు ఒక చుట్టు తిప్పితే ముందున్న ప్యాకెట్టు కింద పడుతుంది. ఫ్యాక్టరీల్లో, హాస్టళ్లలో స్నాక్స్ మాత్రమే అమ్మితే ఇది చాలు, కరెంటు కూడా నామమాత్రం. కానీ ఎండాకాలంలో చాక్లెట్లకు ఇందులో చోటు లేదు. అదీగాక విజయవాడలో, రామగుండంలో మే నెలలో జనం అడిగేది చల్లటి నీళ్లు, ఆ అమ్మకం మీకు దక్కదు.

ఎక్కువమంది కొనేది కాంబో: కింది ట్రేల్లో డ్రింకులు, పైన స్నాక్స్, చల్లబరచడానికి కంప్రెసర్. కొత్తది సుమారు లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా ఉంటుంది, స్క్రీను సైజు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. పెద్ద టచ్‌స్క్రీన్‌కు పెట్టే డబ్బు దండగ అని నా అభిప్రాయం, ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేసే మనిషికి కీప్యాడ్, చిన్న డిస్‌ప్లే సరిపోతాయి. ఆ మిగిలిన డబ్బు కంప్రెసర్ మంచిదాని మీద పెట్టండి.

గాజు సీసాలు, కప్పుల్లో పెరుగు, శాండ్‌విచ్‌లు అమ్మాలనుకుంటే స్ప్రింగ్ మెషిన్ పనికిరాదు, పైనుంచి పడి పగులుతాయి. లిఫ్ట్ ఉన్నది కావాలి, అంటే ఒక పళ్లెం పైకెళ్లి వస్తువును అందుకుని మెల్లగా కిందికి దించుతుంది. ధర ఎక్కువ, కదిలే భాగాలు ఎక్కువ, రిపేర్లు ఎక్కువ. మొదటి మెషిన్‌గా వద్దంటాను. తలుపు తీసి కావాల్సింది తీసుకుంటే కెమెరాలో, బరువు చూసే సెన్సర్లో లెక్కకట్టే స్మార్ట్ ఫ్రిజ్‌లు కూడా వచ్చాయి. మనుషులందరూ ఒకరికొకరు తెలిసిన ఆఫీసు లోపలైతే సరే, ఆస్పత్రి వరండాలో మాత్రం పెట్టకండి.

టీ, కాఫీ మెషిన్ సంగతి వేరే. అక్కడ ఎంఆర్‌పీ గొడవ లేదు, కప్పు ధర మీరే పెట్టుకుంటారు, ప్రీమిక్స్ (నీళ్లు కలిపితే టీ, కాఫీ అయ్యే రెడీమేడ్ పొడి) ఖర్చు పోను మిగిలేది బాగుంటుంది. కానీ రోజూ ఎవరో ఒకరు నాజిల్స్ కడగాలి, మిక్సింగ్ గిన్నె కడగాలి, వాటర్ క్యాన్ మార్చాలి, కప్పులు నింపాలి. ఒక్కరోజు కడగకపోతే వాసన వస్తుంది. పక్కనే పది రూపాయలకు అల్లం టీ పోసే బండి ఉంటే ప్రీమిక్స్ టీ ఎవరూ తాగరు. అదే ఆరో అంతస్తులో, బండి దగ్గరికి దిగిరావడానికి బద్ధకించే మనుషులుంటే నడుస్తుంది.

ఇక షోరూమ్‌కో ఫ్యాక్టరీకో వెళ్లినప్పుడు చూడాల్సినవి. వెళ్లేటప్పుడు మీరు అమ్మబోయే సరుకు ఒక సంచీలో పట్టుకెళ్లండి. బ్రోచర్‌లో 60 స్లాట్లు (ఒక్కో స్ప్రింగు వరస ఒక స్లాటు), 400 వస్తువులు అని రాస్తారు, అది సన్నటి బిస్కెట్ ప్యాకెట్ల లెక్క. గాలి నిండిన 20 రూపాయల చిప్స్ ప్యాకెట్టు పెడితే ఒక్కో స్ప్రింగులో ఐదారు కంటే పట్టవు. స్ప్రింగు చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం చాలకపోతే ప్యాకెట్టు ఇరుక్కుంటుంది, ఎక్కువైతే రెండు ఒకేసారి పడతాయి. రకరకాల ఎడం ఉన్న స్ప్రింగులు ఇస్తారా, ట్రే ఎత్తు మార్చుకోవచ్చా అని అడగండి. ప్రతి వస్తువూ పదిసార్లు పడేయించి చూడండి, మొహమాటపడకండి. చిక్కీ లాంటి బరువైన చిన్న ప్యాకెట్లు, చెగోడీల పొడవాటి పౌచ్‌లు, వీటి దగ్గరే తేడా బయటపడుతుంది. మజ్జిగ ప్యాకెట్లు స్ప్రింగులో నిలబడవు, టెట్రా ప్యాక్‌లో గానీ ప్లాస్టిక్ బాటిల్‌లో గానీ వచ్చేవి చూసుకోండి.

వస్తువు పడే చోట ఇన్‌ఫ్రారెడ్ డ్రాప్ సెన్సర్ ఉందో లేదో చూడండి. ఇది లేని మెషిన్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు. వస్తువు కింద పడిందో లేదో మెషిన్‌కు తెలిస్తేనే, పడనప్పుడు ఇంకో చుట్టు తిప్పడమో డబ్బు వెనక్కి పంపడమో చేస్తుంది. లేకపోతే అర్ధరాత్రి పన్నెండింటికి ఇరవై రూపాయల కోసం మీకు ఫోన్లు వస్తాయి, మెషిన్‌కు తన్నులు పడతాయి.

స్పెసిఫికేషన్ కాగితంలో బయటి ఉష్ణోగ్రత ఎంతవరకు తట్టుకుంటుందో రాసి ఉంటుంది. 32 డిగ్రీలని ఉంటే అది ఏసీ గదికే. వరండాలో, షెడ్డులో పెట్టేదైతే 40 దాటినా పనిచేసేది కావాలి, అప్పుడు కూడా ఎండ నేరుగా పడని గోడ చూసుకోవాలి, వెనకాల గాలి ఆడటానికి కనీసం జానెడు ఖాళీ వదలాలి. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతకు మెషిన్ ముందరి అద్దం మీద నీరు పట్టి లోపల ఏముందో కనిపించదు, అందుకే డబుల్ గ్లాసో వేడిచేసే గ్లాసో అడగాలి. అమెరికా నుంచి వచ్చిన పాత మెషిన్లు 110 వోల్టులవి కావచ్చు, ప్లేటు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని చూశాకే మాట్లాడండి. స్టెబిలైజర్ తప్పనిసరి. కంట్రోల్ బోర్డుకు, మోడెమ్‌కు చిన్న యూపీఎస్ ఒకటి పెడితే, డబ్బు కట్టాక వస్తువు పడేలోపు కరెంటు పోయినా ఆ లావాదేవీ లెక్క తప్పదు.

కాంబో మెషిన్ రెండు మూడు వందల కిలోలు తూగుతుంది. గుమ్మం వెడల్పు, లిఫ్ట్ లోపలి కొలత, మెట్ల మలుపు టేపుతో కొలుచుకోండి. చక్రాలు లెవెల్‌గా లేకపోతే తలుపు సరిగా పట్టదు, చల్లదనం పోతుంది.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది

నోట్లు తీసుకునే యూనిట్, నాణేల యూనిట్ అదనపు ఖర్చు, అదనపు రిపేరు. మన రెండు రాష్ట్రాల్లో పది రూపాయల నాణెం చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా కొట్లవాళ్లు తీసుకోరు, జనం జేబులో పెట్టుకోరు, ఇక నాణేల యూనిట్ ఎవరికోసం? యూపీఐ ఒక్కటే పెట్టండి. ఫోన్లు గేటు దగ్గరే జమ చేయించుకునే ఫ్యాక్టరీల్లో మాత్రం ఇది కుదరదు, అక్కడ కార్డో, కంపెనీ ఐడీ మీద జీతంలో కోతో మాట్లాడుకోవాలి.

కొనేటప్పుడు అమ్మేవాడు చూపించేది క్యూఆర్ కోడ్. మీరు అడగాల్సింది, ఆ మర్చంట్ ఖాతా ఎవరి పేరు మీద ఉంటుందని. కొందరు డబ్బంతా తమ ఖాతాలో వేసుకుని వారానికోసారి మీకు పంపుతామంటారు. అలా ఒప్పుకుంటే మీ వ్యాపారం వాళ్ల చేతిలో ఉన్నట్టే. మీ పేరు మీద, మీ కరెంట్ అకౌంటులోకి నేరుగా పడేలా చేయించుకోండి. బ్యాంకు ఖాతా నుంచి కట్టే యూపీఐ మీద 2020 నుంచి ఎండీఆర్ (చెల్లింపుకు వ్యాపారి దగ్గర తీసుకునే రుసుము) లేదు, కాబట్టి గేట్‌వే వాళ్లు, అంటే చెల్లింపులు నడిపే కంపెనీ, వసూలు చేసేది ఏ సర్వీసుకో రాయించుకోండి. వస్తువు పడకపోతే రీఫండ్ ఆటోమేటిక్‌గా వెళ్తుందా అన్నది డెమోలో చేయించి చూడాలి, మాట మీద వదిలేయకూడదు.

సాఫ్ట్‌వేర్ నెల చందా ఎంత, ఎన్నేళ్లకు ఎంత పెరుగుతుంది, కట్టడం మానేస్తే మెషిన్ అసలు పనిచేస్తుందా అన్నదీ అడగండి. ఎండీబీ అనే ప్రామాణిక కనెక్షన్ ఉన్న బోర్డు అయితే రేపు ఆ కంపెనీ మూతపడినా వేరేవాళ్ల పేమెంట్ డివైజ్ తగిలించుకోవచ్చు. సొంత బోర్డు, సొంత సర్వర్ తప్ప ఇంకేదీ పనిచేయదంటే, ఆ సర్వర్ ఆగిన రోజు మీ దగ్గర మిగిలేది అద్దం తలుపున్న బీరువా.

సెకండ్ హ్యాండ్ మెషిన్ చెడ్డదేమీ కాదు. కనీసం మూడు గంటలు ఆన్‌లో ఉంచి లోపలి ఉష్ణోగ్రత పడుతోందా చూడండి, ప్రతి మోటారూ తిప్పించండి, తలుపు రబ్బరు పట్టి చూడండి, ఆ మోడల్ మోటార్లు, బోర్డు హైదరాబాద్‌లో దొరుకుతాయా అడగండి. స్పేర్లు రావడానికి నెల పడితే ఆ నెల అమ్మకం సున్నా. ఇక "లక్ష పెట్టండి, నెలకు గ్యారంటీగా ఇంత ఇస్తాం, మెషిన్ మేమే చూసుకుంటాం" అనే స్కీముల జోలికి పోకండి. అంత గ్యారంటీగా లాభం వచ్చేదైతే బ్యాంకు లోను తీసుకుని వాళ్లే పెట్టుకునేవాళ్లు.

కాగితాలు

ఫుడ్ లైసెన్సు కావాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వాళ్ల ఫాస్‌కాస్ పోర్టల్‌లో టర్నోవర్‌ను బట్టి రిజిస్ట్రేషనో లైసెన్సో తీసుకుని, ఆ 14 అంకెల నంబరు మెషిన్ మీద అతికించండి, పక్కనే మీ ఫోన్ నంబరు కూడా. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితం, డబ్బులడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు. లోను కావాలంటే ముద్ర రుణ పథకంలో కిశోర్ అనే విభాగం కింద ఐదు లక్షల దాకా అడగొచ్చు.

జీఎస్టీ దగ్గర రాష్ట్రాన్ని బట్టి తేడా ఉంది. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. ఒక్క మెషిన్‌తో మీరు దాని దరిదాపులకు వెళ్లరు. కానీ మెషిన్ మీద 18 శాతం పన్ను కడతారు కదా, రెండు లక్షల మెషిన్ మీద 36 వేలు, అది మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటేనే క్రెడిట్‌గా వాడుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. మూడు నాలుగు మెషిన్లు ఒకేసారి కొనే ఆలోచన ఉంటే కొనే ముందే ఆడిటర్‌తో కూర్చోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, నమ్‌కీన్, చాక్లెట్ల మీద పన్ను 5 శాతానికి దిగింది, గ్యాస్ డ్రింకుల మీద 40 శాతం ఉంది. పాత స్టాకు కొనేటప్పుడు ఎంఆర్‌పీ, తేదీ చూసుకోండి.

సరుకు, నింపడం

పేరున్న బ్రాండ్లు ఉండాలి, లేకపోతే మెషిన్‌ను ఎవరూ నమ్మరు. కానీ కళ్ల ఎత్తులో ఉండే ట్రేల్లో మీకు మార్జిన్ వచ్చేవి పెట్టండి. హైదరాబాద్‌లో బేగంబజార్, విజయవాడలో గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్ ఒకసారి తిరిగొస్తే రేట్లు తెలుస్తాయి, ఆ తర్వాత ఏరియా డిస్ట్రిబ్యూటర్‌తో బేరం సులువు. దగ్గర్లోని మహిళా సంఘాలు చేసే పిండివంటలు మంచి సరుకు, అయితే ప్యాకెట్టు మీద బరువు, తయారీ తేదీ, ఎంఆర్‌పీ, తయారుచేసిన వాళ్ల చిరునామా, లైసెన్సు నంబరు అన్నీ ఉన్నవే తీసుకోండి. నూనె వాసన వచ్చే సరుకు ఒక్కసారి వెళ్తే ఆ అంతస్తు మొత్తం మీ మెషిన్ వైపు చూడదు.

పది రూపాయల ప్యాకెట్లతో స్ప్రింగులు నింపొద్దు. ఒక్క స్లాటు పట్టే చోటు ఒకటే, మోటారు తిరగడం ఒకటే, పదికి రూపాయి మిగిలేదానికి బదులు ముప్పైకి ఎనిమిది మిగిలేది పెట్టుకోండి. ఆస్పత్రిలో అయితే తినేవే కాదు, టూత్‌బ్రష్, పేస్టు, సబ్బు, దువ్వెన, శానిటరీ ప్యాడ్లు, ఫోన్ చార్జింగ్ కేబుల్ పెట్టండి. కట్టుబట్టలతో పరుగెత్తుకొచ్చిన అటెండెంట్లకు అవి అర్ధరాత్రి ఇంకెక్కడా దొరకవు, దువ్వెన, కేబుల్ లాంటి వాటి మీద మార్జిన్ చిప్స్ కంటే బాగా ఎక్కువ, ఎక్స్‌పైరీ టెన్షన్ కూడా తక్కువ.

మొదటి నింపుడులో రకాలు ఎక్కువ, ఒక్కో రకం తక్కువ. రెండు వారాల అమ్మకం రిపోర్టు చూసి కదలనివి తీసేసి, త్వరగా అయిపోయేవాటికి రెండేసి స్లాట్లు ఇవ్వండి. కొత్త సరుకు వెనకాల, పాతది ముందు. ఇది అందరికీ తెలుసు, వాన పడుతుండగా రాత్రి తొమ్మిదింటికి నింపేటప్పుడు మాత్రం ఎవరూ చేయరు. వారానికోసారి కండెన్సర్ (లోపలి వేడిని బయటికి వదిలే గొట్టాల జాలీ) మీది దుమ్ము బ్రష్‌తో దులపండి, చల్లదనం తగ్గిందని మెకానిక్‌ను పిలిచే ముందు చూడాల్సింది ఇదే. కింద కేబుల్ వచ్చే రంధ్రాలు స్టీలు జాలీతో మూయించండి, ఎలుకలు మెషిన్‌లోకి వచ్చేది అక్కడినుంచే. ఒక మోటారు, రెండు మూడు స్ప్రింగులు, తాళం చెవి జత బండి డిక్కీలో ఎప్పుడూ ఉండనివ్వండి.

మూడు నెలలు చూడండి. కాలేజీ అయితే సెలవులు లేని మూడు నెలలు. సరుకు మార్చినా, ట్రేలు మార్చినా రోజుకు నలభై దాటకపోతే సరుకును తిట్టుకోవడం ఆపి చోటు మార్చండి. ఊళ్లోనే తరలించడానికి ట్రాలీ ఆటో, నలుగురు మనుషులు, సగం రోజు చాలు. పడుకోబెట్టి మాత్రం తీసుకెళ్లకండి. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే, దించాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడు ఆన్ చేయండి, లేదంటే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి ఎక్కి కొత్త ఖర్చు తెస్తుంది. రెండో మెషిన్ కొనేటప్పుడు మొదటి దాని కంపెనీదే, అదే మోడల్ కొనండి, స్పేర్లు రెంటికీ పనికొస్తాయి. మొదటిది ఉన్న దారిలోనే చోటు చూసుకోండి, ఒకే ట్రిప్పులో రెండూ నింపి రావచ్చు.